రికార్డు ప్రకారం అన్నీ నేనే చేశాను

ఒకప్పుడు మా కంపెనీలో అందరికీ పాస్‌వర్డ్ ఒక్కటే ఉండేది. అది మా ఓనర్ మొట్టమొదట కొన్న స్కూటర్ నంబరు.

మాది నిజామాబాద్ బస్టాండు దగ్గర స్వీట్ షాపు మీది అంతస్తులో నడిచే చిన్న ఇంటర్నెట్ కంపెనీ. ఇటు బోధన్ దాకా, అటు కమ్మర్‌పల్లి, సిరికొండల దాకా ఇళ్లకు, దుకాణాలకు, బడులకు నెట్ ఇస్తాం. ఎవరి డాబా మీదో, ఏ బడి గోడకో మా ఇనుప పెట్టెలు వేలాడుతుంటాయి. వాటిలో స్విచ్‌లనే యంత్రాలు ఉంటాయి. ఊరి నెట్ అంతా వాటిలోంచే పోతుంది. ఎక్కడైనా నెట్ ఆగితే మావాళ్లలో ఒకరు ఆ యంత్రంలోకి లాగిన్ అయి, ఏ తీగ పలుకుతోందో, ఏది పలకడం లేదో చూసి సరిచేయాలి. ఆ లాగిన్‌కు కావలసిందే స్కూటర్ నంబరు.

రహస్యమా అంటే మహా రహస్యం. బోధన్ బస్సులో నిలబడి మావాళ్లు ఫోన్‌లో గొంతు చించుకొని చెప్పుకునేంత రహస్యం. ఆ రూటు కండక్టర్లకు అది నోటికి వచ్చు. ఓనర్ ఆ స్కూటర్‌ను ఎప్పుడో అమ్మేశాడు. కొనుక్కున్నాయన మా పాస్‌వర్డును వెనకా ముందూ ప్లేట్ల మీద రాయించుకొని ఖలీల్‌వాడి అంతా తిరిగేవాడు. మేం ఎదురుపడితే నమస్తే పెట్టేవాడు కూడా.

అన్నిటికన్నా పెద్ద ముచ్చట కమ్మర్‌పల్లి ఆయనది. మా దగ్గర రెండేళ్లు పనిచేసి గల్ఫ్‌కు పోయాడు. పోతూ పోతూ పాస్‌వర్డ్ కూడా తీసుకుపోయాడు. అక్కడ డ్యూటీ దిగాక ఎడారిలో కూర్చొని, కమ్మర్‌పల్లి పెట్టెలోకి లాగిన్ అయి, తన ఇంటికి మాత్రం ఊరందరికన్నా ఎక్కువ స్పీడ్ పెట్టుకునేవాడు. వీడియో కాల్‌లో భార్య ముఖం స్పష్టంగా కనబడాలి కదా. మేం తగ్గించేవాళ్లం, ఆయన పెంచేవాడు. ఈ ఆట ఎంతకాలం నడిచిందో ఎవరికీ తెలియదు, ఎందుకంటే యంత్రం దృష్టిలో మేమూ ఆయనా ఒక్క మనిషే.

తరువాత మా ఓనర్ సగం వాటా హైదరాబాద్ కంపెనీకి అమ్మాడు. అక్కడినుంచి ఒక సార్ దిగాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో ఐడీ కార్డు పట్టీ, చేతిలో బొమ్మలు మార్చే క్లిక్కర్. మమ్మల్నందరినీ ఒక హాల్లో కూర్చోబెట్టి, తలా రెండు సమోసాలు ఇచ్చి, గోడ మీద బొమ్మలు చూపించాడు. ఇక మీదట స్విచ్‌లు వాటంతట అవి ఎవరినీ లోపలికి రానివ్వవట. ఎవరైనా తలుపు తడితే హైదరాబాద్‌లో ఉన్న ఒక సర్వర్‌ను అడుగుతాయట. ఆ సర్వర్ మూడు ప్రశ్నలు వేస్తుందట. నువ్వెవరు, నీకేం చేసే హక్కుంది, లోపలికి పోయి ఏం చేశావు. నన్ను చూసుకోవడానికి వచ్చిన పెళ్లివాళ్లు కూడా ఇంత సూటిగా అడగలేదు.

"ఇకనుంచి ఎవరి పేరు వాళ్లకే. ఎవరు ఏ బటన్ నొక్కినా వాళ్ల పేరు మీద రాసి ఉంటుంది. మనుషులు మర్చిపోతారు, లాగ్ మర్చిపోదు," అన్నాడు సార్. లాగ్ అంటే ఆ సర్వర్ రాసుకునే రికార్డు. సార్ ఆ మాట ఎంత మురిపెంగా అన్నాడంటే, పుట్టిన బిడ్డను చూపిస్తున్నాడేమో అనిపించింది.

అప్పుడు వెనక వరసలోంచి అన్న లేచాడు. అన్న అంటే నాకు తోడబుట్టినవాడు కాదు. బోధన్ వైపు లైన్లన్నీ చూసే మనిషి. యాభై దాటాయి. కేబుల్ టీవీ రోజులనుంచి ఇదే పని. చెరుకు తోటల మధ్య ఏ స్తంభానికి ఏ తీగ కట్టామో, ఏ పెట్టెలో బల్లి గుడ్లు పెట్టిందో అన్నీ ఆయనకు తెలుసు. ఇన్నేళ్లయినా కాంట్రాక్ట్ మనిషే.

"సార్, ఆ పెట్టెలన్ని నా శేతుల మీదికెల్లి పెట్టినయే. గిప్పుడు అవి నన్ను నువ్వెవలని అడుగుతయా?" అన్నాడు అన్న.

హాలంతా నవ్వింది. సార్ కూడా నవ్వి, "అడుగుతాయండీ. నన్ను కూడా అడుగుతాయి," అన్నాడు. సమానత్వం అంటే అదేనని మేం చప్పట్లు కొట్టాం.

లాగిన్ కావాలంటే పేరు, పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌లో ఒక యాప్ వేసుకోవాలి. ఆ యాప్‌లో ఆరు అంకెల నంబరు పడుతుంది. అర నిమిషానికొకసారి మారిపోతుంది. మా అందరి ఫోన్లలో యాప్ ఎక్కింది. అన్న ఫోన్‌లో ఎక్కలేదు. ఫోన్ పాతదట. అన్న పేరు మీద అకౌంట్ అయితే తయారైంది, దాన్ని తెరిచే దారి మాత్రం లేదు. ఏం చేయాలి సార్ అంటే, హైదరాబాద్‌కు కంప్లయింట్ పెట్టమన్నారు. కంప్లయింట్ పెట్టే పేజీ తెరవాలంటే యాప్‌లో పడే నంబరు కొట్టాలి. ఇంత చక్కటి ఏర్పాటు చేసిన బుర్ర ఎవరిదో గానీ దానికి దండం పెట్టాలి.

నేను అన్న తరఫున కంప్లయింట్ పెట్టాను. "మీ సమస్య మాకు ముఖ్యం" అని జవాబు వచ్చింది. తరువాత ఏమీ రాలేదు. ముఖ్యమైనవాటిని వాళ్లు జాగ్రత్తగా దాచుకుంటారు కాబోలు.

వారం తిరక్కముందే బోధన్‌లో సగం ఊరికి నెట్ ఆగింది. అన్న ఫోన్ చేశాడు.

"సెల్లె, లాప్‌టాప్ పట్టుకొని పెట్టె ముందట కూసున్న. లోపలికి రానిస్తలేదు. నీ పేరు కొట్టి పోత, ఆ నంబరేదో జర సెప్పు."

నేను లాగిన్ అయి చేయొచ్చు కదా అంటే, నాకు ఆఫీసులో కుర్చీ తెలుసు గానీ బోధన్ తీగలు తెలియవు. ఏ తీగ ఎక్కడికి పోతుందో కాగితం మీద ఒకటి రాసి ఉంటుంది, నేల మీద ఇంకొకటి ఉంటుంది. ఆ రెండోది అన్న తలకాయలో మాత్రమే ఉంటుంది. అవతల కస్టమర్లు ఆఫీసు ఫోన్‌కు చేసి నన్నే తిడుతున్నారు. పాస్‌వర్డ్, నంబరు రెండూ చెప్పాను. పది నిమిషాల్లో నెట్ వచ్చింది. తిట్లు ఆగాయి. రికార్డులో ఆ పని చేసింది నేను.

మాకు ఇందులో తప్పేమీ కనబడలేదు. ఎందుకు కనబడాలి? మా అవ్వ బీడీలు చుడుతుంది. మేం అమ్మను అవ్వ అనే పిలుస్తాం. మా వాడకట్టులో బీడీ కార్డు ఒకామెకు ఉంటుంది, ఆ కార్డు మీద మూడిళ్ల బీడీలు పోతాయి. కార్డు లేనివాళ్లు కార్డున్న ఆమె పేరు మీద చుడతారు. పుట్టినప్పటినుంచి ఇది చూస్తూ పెరిగినదాన్ని. ఒకరి పేరు మీద ఇంకొకరు పనిచేయడం మాకు మోసం కాదు, ఇరుగుపొరుగుతనం. హైదరాబాద్ సార్‌కు ఆ వాడకట్టు సంగతి తెలియదు, పాపం. ఆయన బొమ్మల్లో అది లేదు.

అన్నకు ఇచ్చినట్టు తెలిసి మిగతావాళ్లూ మొదలుపెట్టారు. స్తంభం మీద ఉన్నవాడు ఫోన్‌లో మాట్లాడగలడు గానీ, యాప్ తెరిచి నంబరు ఎక్కడ వెతుకుతాడు? నేనైతే ఆఫీసులో ఫ్యాన్ కింద కూర్చుని ఉంటాను, ఫోన్ చేతిలోనే ఉంటుంది, మొదటి రింగుకే ఎత్తుతాను. సిరికొండనుంచి ఒకడు, ఆర్మూర్ రోడ్డునుంచి ఒకడు. చివరికి మా బ్రాంచ్ మేనేజర్ కూడా, "నా పాస్‌వర్డ్ మర్చిపోయినమ్మా, నీది కొట్టు," అన్నాడు. కానీ వాళ్లందరూ అప్పుడప్పుడు. రోజుకు రెండు మూడుసార్లు అడిగేది అన్న ఒక్కడే. మిగతావాళ్లకు సొంత అకౌంట్ల మీద కూడా ఎంతో కొంత పని కనబడేది. అన్నది మాత్రం మొత్తం నా మీదే.

మా తమ్ముడి పెళ్లిలో నా రెండు చేతులకూ గోరింటాకు ఉంది. అన్న ఫోన్ వచ్చింది. మా చిన్నమ్మ కూతురు నా ఫోన్ పట్టుకొని నంబరు చదివింది. బ్యాండు మోతకు వినబడక రెండుసార్లు అరిచింది. పెళ్లికొడుకు అక్క లాటరీ కొట్టిందని ఆడపెళ్లివాళ్లు అనుకున్నారు. ఆ పూట నేను మండపంలో ఆకుల దగ్గర వడ్డన చూసుకుంటూనే, రికార్డు ప్రకారం, బోధన్ మార్కెట్ దగ్గరి స్విచ్ మొత్తం సరిచేశాను.

ఇట్లా కొన్ని నెలలు గడిచాక హైదరాబాద్‌నుంచి ఒక మెయిల్ వచ్చింది. మా జిల్లాలో అత్యుత్తమ ఉద్యోగి నేనేనట. లాగ్ తీసి చూశారట. ఒకే గంటలో బోధన్‌లో, కమ్మర్‌పల్లిలో, సిరికొండలో పనిచేసి, మధ్యలో భోజనానికి కూడా పోయి వచ్చానట. ఇదెట్లా సాధ్యం అని ఒక్కరికైనా అనుమానం రావాలా వద్దా? రాలేదు. లాగ్ చెప్పాక అనుమానించడం పాపం కదా.

ఒక సర్టిఫికెట్, ఒక లాప్‌టాప్ బ్యాగు ఇచ్చారు. ఫొటో తీసి కంపెనీ గ్రూపులో పెట్టారు. ఇక్కడ అబద్ధం చెప్పి లాభం లేదు. నాకు సంతోషం వేసింది. సిగ్గు కూడా వేసింది గానీ, సంతోషం కాస్త పెద్ద సైజులో వేసింది. మా అవ్వ ఆ సర్టిఫికెట్‌ను వాడకట్టంతా తిప్పింది. అందరికన్నా ముందు ఫోన్ చేసి మెచ్చుకున్నది అన్నే.

"శబాష్ సెల్లె! ఆడివిల్లవైనా జిల్లాల ఫస్ట్ వచ్చినవు," అన్నాడు. ఆ గొంతులో వెటకారం ఎంత వెతికినా దొరకలేదు. దొరికితే నాకు కాస్త తేలికయ్యేది.

"అదంతా నీ పనే కదనే," అన్నాను.

"పని ఎవలదైతేంది? నెట్ ఆగకపాయె, గదే సాలు. ఇగో, గా పర్మినెంట్ ముచ్చట ఏమన్న తెలిసిందా?"

ఆయన అడిగింది కాంట్రాక్ట్ వాళ్లను పర్మినెంట్ చేస్తారనే మాట గురించి. కొత్త కంపెనీ వచ్చినప్పటినుంచీ అందరూ దాని గురించే మాట్లాడుతున్నారు. అన్నకు అది ఊరికే కోరిక కాదు. ఆయన భార్యకు పిత్తాశయంలో రాళ్లు. నెలకోసారి నొప్పి వచ్చి మెలికలు తిరిగిపోతుంది. ఆపరేషన్ చేయాలని డాక్టర్ ఎప్పుడో చెప్పాడు. పర్మినెంట్ అయితే ఈఎస్ఐ కార్డు వస్తుంది, ఆ కార్డు మీద పెద్ద దవాఖానలో చేయిద్దామని అన్న ఆగాడు. ఇవ్వాళ వస్తుంది రేపు వస్తుందని వదిన నొప్పి మాత్రలతో నెట్టుకొస్తోంది.

లిస్టు వచ్చింది. మేనేజర్ టేబుల్ మీద చూశాను. పర్మినెంట్ చేసేవాళ్లు ఒక కాగితం, తీసేసేవాళ్లు ఒక కాగితం. రెండో కాగితంలో మొట్టమొదటి పేరు అన్నది. పక్కన కారణం కూడా రాశారు, ఎంతైనా చదువుకున్నవాళ్లు కదా. "ఆరు నెలల్లో ఒక్కసారి కూడా లాగిన్ కాలేదు. పనిచేసిన దాఖలా లేదు."

ఆ మనిషి వర్షంలో గోనెసంచి కప్పుకొని స్తంభాలెక్కిన ఆరు నెలలు అవి. ఆ దాఖలాలన్నీ మా ఇంట్లో ఫ్రేము కట్టి గోడకు తగిలించి ఉన్నాయి.

మేనేజర్‌ను పట్టుకున్నాను. "సార్, ఇది మీకు తెలుసు కదా. అన్న నా పేరు మీద చేస్తున్నాడని మీకూ తెలుసు. మీరు కూడా..."

"ఏయ్, మెల్లగ," అని తలుపు వేశాడు ఆయన. "పేరు అరువిచ్చుడే పెద్ద తప్పు. ఎవలకు ఇయ్యనని కాగితం మీద సంతకం పెట్టినవ్ యాదికున్నదా? నువ్వు నోరు తెరిస్తే ముందు నీ నౌకరి పోతది. ఎనుక నాది. ఆయనది ఎట్ల గూడ పోయేదే పాయె. ఉన్న ఇద్దరిని గూడ ఎందుకు ఆగం జేస్తవు?"

లెక్క బ్రహ్మాండంగా కుదిరింది. ఒక్కరి అన్యాయంతో ఇద్దరు క్షేమంగా ఉంటారు.

ఇంటికొచ్చి అవ్వకు చెప్పాను. ఆమె చేతిలో తునికాకు కత్తిరిస్తూనే విన్నది.

"మా కార్డుల ముచ్చటనే గదా బిడ్డా," అన్నది. "కార్డున్నామెకు పింఛన్ వచ్చింది. ఆమె పేరు మీద సుట్టినోళ్లకు నడుము నొప్పి వచ్చింది. గప్పుడు ఎవలం మాట్లాడలే. ఆమె మంచిదే, మేము మంచోళ్లమే. మంచిగనే మునిగినం."

"మరి నేనేం చేయాలె?"

"నాకేం ఎరుక? సర్టిఫికెట్ తెచ్చినప్పుడు నన్ను అడిగినవా?" అన్నది. మా అవ్వ ఇట్లాగే ఉంటుంది. మనకు కావలసినప్పుడు ఓదార్పు దొరకదు.

మర్నాడు సెలవు పెట్టి బోధన్ బస్సెక్కాను. లిస్టు గురించి అన్నకు ఇంకా ఎవరూ చెప్పలేదు. మార్కెట్ దగ్గర ఒక బట్టల దుకాణం డాబా మీద ఉన్నాడు. కింద మహారాష్ట్రనుంచి వచ్చిన ఆడవాళ్లు మరాఠీలో చీరల బేరం చేస్తున్నారు. మెట్లెక్కి పైకి పోయేసరికి అన్న పెట్టె తెరిచి, పాత బనీను ముక్కతో లోపలి దుమ్ము తుడుస్తున్నాడు. పీకేయబోతున్న మనిషి పెట్టెను అద్దంలా తుడుస్తుంటే నాకు ఒళ్లు మండింది. ఎవరి మీద మండిందో అప్పుడు తేల్చుకోలేదు.

"ఏం సెల్లె, గింత దూరం అచ్చినవు? ఫోన్ జేస్తే నేనే అత్తుంటి గదా," అన్నాడు.

చెప్పాను. మొత్తం చెప్పాను. లిస్టు, కారణం, మేనేజర్ మాట. ఆయన ఆ బనీను ముక్కను మడతపెట్టాడు. తిడతాడని కాచుకున్నాను. తిట్టాలని మనసులో మొక్కుకున్నాను కూడా.

"ఒక్క ముచ్చట సెప్పు. నీ పేరు మీద పోయి నేను సేసిన పనుల ఏమన్న తప్పు దొరికిందా?" అని అడిగాడు.

"లేదన్నా. ఒక్కటి కూడా లేదు. అందుకే కదా నాకు బ్యాగిచ్చింది."

"గంతే సాలు," అని ఊపిరి వదిలాడు. "నా పేరు మీదైతే తప్పో ఒప్పో నడిచేది. ఆడివిల్ల పేరు మీద పోతున్న, ఆమెకు మాట రావద్దని రెండు రెండుసార్లు సూసుకొని సేసేటోన్ని."

ఏం చెప్పమంటారు? నాకు ఏడుపొచ్చింది. డాబా మీద నిలబడి ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. కొత్త కంపెనీ మూడు ప్రశ్నలు వేసే సర్వర్‌ను కొన్నది గానీ, ఎవరు ఎంత భయభక్తులతో పనిచేశారు అనే నాలుగో ప్రశ్న దానికి రాదు.

"నేను హైదరాబాద్‌కు రాస్తాను, అంతా చెప్పేస్తాను," అన్నాను.

"వద్దు. నీది గూడ పోతది."

"పోతే పోనీ."

"పోతే పోనీ అనుడు సులువే. ఇంటికి నీ జీతమే ఆధారం అని నాకు తెల్వదా? సప్పుడు సేయకు," అన్నాడు. పెట్టె మూసి, తాళం వేసి, నన్ను బస్సు ఎక్కించి పోయాడు.

నేను మాట వినలేదు. ఆ సాయంత్రమే రాశాను. నా పేరు మీద జరిగిన బోధన్ పనులన్నీ ఫలానా అన్న చేశారు, నంబరు నేనే చెప్పాను, సాక్ష్యం కావాలంటే మా తమ్ముడి పెళ్లి ఫొటోలు చూడండి, రికార్డులో ఆ పూట నేను స్విచ్ దగ్గర ఉన్నాను, ఫొటోల్లో సాంబారు గిన్నె దగ్గర ఉన్నాను. గోరింటాకు చేతుల ఫొటో కూడా జతచేశాను. పంపించి, నా అంత ధైర్యవంతురాలు జిల్లాలో లేదనుకొని కంటినిండా నిద్రపోయాను. ఒక్క రాత్రి.

సార్ స్వయంగా నిజామాబాద్ వచ్చాడు. ఈసారి సమోసాలు లేవు. నన్ను ఒక గదిలో, అన్నను ఇంకో గదిలో కూర్చోబెట్టి, తెల్లకాగితాలు ఇచ్చి, జరిగింది రాసి సంతకం పెట్టమన్నాడు. నేను మెయిల్‌లో రాసిందే మళ్లీ రాశాను. గంట తరువాత సార్ రెండు కాగితాలూ పట్టుకొని నా గదికొచ్చాడు.

"మీరు ఆయన మీద జాలిపడి రాసినట్టున్నారమ్మా," అన్నాడు మెత్తగా. అన్న కాగితం నా ముందు పెట్టాడు. పెద్ద పెద్ద అక్షరాలతో, తెలుగులో, నాలుగు వాక్యాలు. ఆమె కొడుతుంటే పాస్‌వర్డ్, ఫోన్ టేబుల్ మీద పెట్టినప్పుడు నంబరు నేను చూసుకున్నాను. ఫోన్‌లో కూడా ఏదో ఒకటి చెప్పి నంబరు రాబట్టాను. ఆమెకు నేనెందుకు అడుగుతున్నానో తెలియదు. తప్పంతా నాది. కింద ఆయన పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, తేదీ వేసి సంతకం.

ఆ కంపెనీ రికార్డుల్లో, ఫలానా పని నేను చేశాను అని అన్న పేరు మీద ఎక్కిన కాగితం అది ఒక్కటే. చేయని పనికి.

"అబద్ధం సార్. నన్ను కాపాడటానికి రాశాడు," అన్నాను.

"కావచ్చు. కానీ సంతకం ఉంది కదా," అన్నాడు సార్. ఆయన చెడ్డవాడు కాదు. సంతకం, లాగ్ తప్ప మనుషుల్ని చూసే అలవాటు లేనివాడు. "ఆయన్ని తీసేయడం ఎట్లాగూ ఖాయం. ఇప్పుడు మీరు ఒప్పుకుంటే మిమ్మల్నీ తీసేయాలి. ఫోన్ అజాగ్రత్తగా పెట్టినందుకు మీకు హెచ్చరిక ఇచ్చి వదిలేద్దామనుకుంటున్నాను. మీ అకౌంట్‌కు ఒక పేజీ వస్తుంది. చదివి అంగీకరిస్తున్నాను అని నొక్కండి. ఆలోచించుకోండి."

పక్క గది ఖాళీగా ఉంది. అన్న సంతకం పెట్టి వెళ్లిపోయాడు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. రెండోసారి ఎత్తి, "గది నొక్కు సెల్లె. నేను రాసిన దాన్ని వట్టిగ పోనియ్యకు," అని పెట్టేశాడు.

ఇంతకుముందు పోతే పోనీ అన్న నోరు నాదే. ఈసారి ఆ మాట రాలేదు. కళ్ల ముందు మా బాపు మందుల డబ్బా, తమ్ముడి పెళ్లి అప్పు, అవ్వ నడుము వరసగా కనబడ్డాయి. నిజానికి అవి ఆ మెయిల్ రాసిన రోజు కూడా ఉన్నాయి. ఆ రోజు నన్ను ఎవరూ నిజంగా తీసేస్తారని నేను నమ్మలేదు, అంతే తేడా.

పేజీ వచ్చింది. అంగీకరిస్తున్నాను అనే చోట నొక్కబోతే, ముందు మీరెవరో నిరూపించుకోండి అన్నది. యాప్ తెరిచి, ఆరంకెల నంబరు చూసి, నా వేలితో నేనే కొట్టాను. ఆరు నెలల్లో నా పేరు మీద, ఎవరి సాయమూ లేకుండా, పూర్తిగా నేనే చేసిన ఘనకార్యం అది.

ఆ తరువాత రెండు నెలలకేమో, వదినను నిజామాబాద్ సర్కారు దవాఖానలో చేర్చారని తెలిసింది. కార్డు కోసం ఆగినంత కాలం రాళ్లు ఆగలేదు. ఒకటి జారి అడ్డం పడి, కళ్లు, ఒళ్లు పచ్చబడి, ఇక తప్పదని ఆపరేషన్ చేశారు. డాక్టర్లు బాగానే చూశారు. ముందే చేయించుకుంటే ఇంత బాధ ఉండేది కాదని అన్నారట.

బత్తాయిలు కొనుక్కొని పోయాను. అన్న మందులకని కిందికి పోయాడు. వదిన సగానికి సగం అయిపోయింది. నన్ను చూసి లేవబోయింది. వద్దన్నా వినకుండా నా చెయ్యి పట్టుకుంది.

"మీ అన్న నాకు అంత సెప్పిండు బిడ్డా," అన్నది. గొంతు సన్నగా వస్తోంది. "నీకు తెల్వకుంట నీ నంబరు తీసుకున్నడంట గదా. ఎన్నడు గసోంటి పని సేసినోడు గాదు. నీ నౌకరి మీదికి తెచ్చిండు. నువ్వు పెద్ద మనసుతోని ఏమనలేదంట. తప్పయింది బిడ్డా. ఆయన్ని మనసుల పెట్టుకోకు."

ఇంట్లో కూడా అదే చెప్పాడు. భార్యకు కూడా. నా పేరు మీద మచ్చ పడకుండా ఈ పని కూడా రెండుసార్లు చూసుకొని చేశాడు.

అప్పుడైనా నిజం చెప్పాలి. ఆ గదిలో సార్ లేడు, లాగ్ లేదు, సంతకం లేదు. నోరు తెరిస్తే పోయేది నౌకరి కూడా కాదు. ఆమె నా చెయ్యి వదలకుండా జవాబు కోసం నా ముఖంలోకి చూస్తోంది.

"పెట్టుకోను వదినా," అన్నాను.